దుమ్ముగుట్ట మీద ఉప్పునీళ్ళు

రాతి క్వారీలో పనిచేసినవాళ్ళని కదిపితే రాయి గురించే చెబుతారు. ఎంత రాయి తీశాం, దాంతో ఏ రోడ్డు వేశాం, ఏ జెట్టీ కట్టాం అని. రాయి లారీ ఎక్కి వెళ్ళిపోయాక మిగిలేదాని గురించి ఎవరూ చెప్పరు. ఉద్యోగం చివర్లో కొన్ని నెలలపాటు నేను కాపలా కాసింది ఆ మిగిలినదానికే. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మిన్నీ బే ఒడ్డున సాయంత్రం నడకలో కనిపించి, మీ అనుభవాలు చెప్పండి అంకుల్ అని అడుగుతున్నారు. జెట్టీల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నేను కట్టించిన జెట్టీలు బాగానే నిలబడ్డాయి కాబట్టి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. దుమ్ముగుట్ట గురించి చెబుతాను.

ఆ క్వారీ పోర్ట్ బ్లెయిర్‌కు బస్సులో గంట దూరం. హాడోలోని క్వార్టర్స్ నుంచి రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళేవాణ్ణి. కొండ తొలిచినప్పుడు పైనుంచి దిగే పనికిరాని మట్టి, క్రషర్‌లో రాయి నలిగాక కింద రాలే పొడి, రెండూ ఏళ్ళ తరబడి ఒకేచోట పోసీ పోసీ రెండంతస్తుల మేడంత గుట్ట చేశారు మా ముందువాళ్ళు. వానలున్నన్నాళ్ళూ అది తడిసి ముద్దై బుద్ధిగా కూర్చునేది. జనవరిలో ఈశాన్యం గాలి మొదలయ్యేసరికి లేచేది. లేచినది నేరుగా దిగువన సముద్రం ఒడ్డునున్న చేపల కళ్ళం మీదికి దిగేది.

ఆ కళ్ళం ఒక పెద్దావిడది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చారు, ఆవిడ మాత్రం ఇక్కడే పుట్టింది. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిడను దీదీ అనే పిలిచేవారు. నేను అక్కా అనేవాణ్ణి. వెదురు తడికల మీద చేపలు ఆరబెట్టి ఊళ్ళో బజారుకు పంపేది. ఆవిడతో పాటు ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు ఆ తడికల మీదే బతుకుతున్నారు.

జనవరిలో నేను ఆ క్వారీలో చేరిన మొదటి సోమవారమే ఆవిడ మా రేకుల షెడ్డు ఆఫీసులోకి వచ్చింది. కొత్త జూనియర్ ఇంజనీరు ఎవరని అడిగి, బుట్టలోంచి ఒక ఎండుచేపను తోకపట్టి తీసి, నా బల్ల మీద టపటపా కొట్టింది. తెరిచి ఉన్న ఫైలు మీద తెల్లటి పొడి చేప ఆకారంలో రాలింది.

"సూడు బాబూ. సేప నాది, దుమ్ము నీది. నీది నువ్వు తీసేసుకో, నాది నాను తీసుకెల్తాను."

ఫిర్యాదులు నేను చాలా విన్నాను గానీ ఇంత తేటగా విన్నది లేదు. బజారులో కొట్లవాళ్ళు రెండుసార్లు బుట్టలు తిప్పి పంపేశారట. నోట్లో పెట్టుకుంటే పంటికింద కసకసమంటోందని చెప్పారట. ఇంకోసారి తిప్పి పంపితే మళ్ళీ కొనరని ఆవిడ భయం. చూస్తానక్కా అన్నాను. మా శాఖలో ఆ మాటకు అర్థం ఏమిటో మీకూ కొన్నాళ్ళలో తెలుస్తుంది.

మా గుమాస్తా ఒకాయన ఉండేవారు. ఆఫీసులోకి ఏది వచ్చినా నంబరు వేయకుండా ఉండలేని మనిషి. ఆవిడ వెళ్ళగానే రిజిస్టరు తెరిచి "దుమ్ము పట్టిన ఎండుచేప, ఒకటి" అని రాసి, దారంతో చీటీ కట్టి, ఫైలులో పెట్టారు. పై సోమవారం ఇంకొకటి వచ్చింది. నెల తిరిగేసరికి ఆ ఫైలు తెరవాలంటే చీమలు, పిల్లులు, నేను ముగ్గురం పోటీ పడేవాళ్ళం.

పైనున్న ఇంజనీరుగారికి చెప్పాను. మేమంతా ఆయన్ని సాబ్ అనేవాళ్ళం. ఉత్తరాది మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా. క్వారీకి వచ్చినా జీపు అద్దం దించేవారు కాదు. రోజుకు రెండుసార్లు గుట్ట మీద నీళ్ళు చల్లించమని ఆదేశించి, ఒక ట్యాంకరును, దానికో డ్రైవరును ఇచ్చారు.

సాబ్‌కు తెలియక కాదు, తెలిసినా పట్టించుకోకపోవడం వల్ల మరిచిపోయిన విషయం ఒకటుంది. ఆ నెలల్లో మా దీవుల్లో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. అలాంటి ఊళ్ళోంచి నీళ్ళ ట్యాంకరును నడిపించుకుంటూ తీసుకెళ్ళి దుమ్ము మీద పోయాలి. డ్రైవరు మనవాడే, దీవుల్లో పుట్టినవాడు, చీమకు కూడా దారిచ్చి బండి నడిపే రకం. ట్యాంకరు మాత్రం గుట్ట దగ్గరికి ఎప్పుడు వచ్చినా ఖాళీగా వచ్చేది.

"నీళ్ళేవయ్యా?" అని అడిగాను.

"నానేం సెయ్యను సాబ్. లోగ్ అంతా బాల్టీలెట్టుకుని రోడ్డుమీద నిలబడిపోతన్నారు. హారన్ కొడితే ఇళ్ళలో ఉన్నోళ్ళు కూడా బయటికొచ్చేస్తన్నారు."

వీడికి చేతకాదని నేనే ట్యాంకరు ఎక్కి కూర్చున్నాను. మొదటి మలుపులో నలుగురు ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. ఇది దుమ్ము కోసం తీసుకెళ్తున్న నీరని గంభీరంగా చెప్పాను. వాళ్ళలో ఒకావిడ, "దుమ్ముకి దాహం ఏస్తాదా సాబ్?" అని అడిగింది. జవాబు ఆలోచిస్తుండగానే పక్కనున్న ముసలమ్మ ఒక బిందె నా చేతికిచ్చి, గట్టిగా పట్టుకో బాబూ, పైపు నాను సూసుకుంటాను అంది. ఆ పూట ఎన్ని బిందెలు పట్టుకున్నానో గుర్తులేదు. గుట్ట దగ్గర దిగాక తడిసి ఉన్నది నా ప్యాంటు ఒక్కటే. రోజువారీ పుస్తకంలో మాత్రం "నీళ్ళు చల్లడమైనది" అని రాశాను. ఎక్కడ చల్లినదీ రాయలేదు కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో సాబ్ నుంచి కబురు వచ్చింది. కాలుష్యం చూసే కమిటీ నుంచి ఒక మేడమ్ పది రోజుల్లో తనిఖీకి వస్తున్నారు. దుమ్ము కొలిచే యంత్రం కూడా తెస్తున్నారు. కళ్ళం అక్క ఎవరిచేతో రాయించి పెట్టిన అర్జీ ఎలాగో అక్కడిదాకా చేరింది. సాబ్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేయించారు.

ఆయన ఉపాయం చాలా చిన్నది. ఆ కళ్ళానికి పట్టా ఉందా? లేదు. అయితే అది క్వారీ స్థలంలోకి చొచ్చుకొచ్చిందని ఒక కాగితం రాయి. కళ్ళం తీయిస్తే దుమ్ము ఎవరి మీదా పడదు, ఎవరి మీదా పడని దుమ్ము సమస్యే కాదు.

ఆ కళ్ళం క్వారీ కంటే ముందునుంచీ ఉన్నదని నాకు తెలుసు. హద్దురాయి ఎక్కడుందో కూడా తెలుసు, దానికి కళ్ళం చాలా అవతలే ఉంది. అయినా నీళ్ళు నమిలాను. ఎదురుగా కూర్చున్నది పై అధికారి, నాకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది, దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో ఒక పోస్టు ఖాళీగా ఉందని ఆయన రెండుసార్లు ఊరికే అన్నట్టు అన్నారు. కాగితం రాశాను. సంతకం కూడా పెట్టాను. ఈ పది రోజుల్లో గుట్టను నేను అణచగలిగితే దీన్ని పంపనక్కర్లేదు కదా సాబ్ అని మాత్రం అడిగాను. సరే, అప్పటిదాకా నీ సొరుగులో ఉంచుకో అన్నారు. అదే గొప్ప విజయం అనుకుని బయటికొచ్చాను. సిగ్గుపడాల్సిన చోట ఊపిరి పీల్చుకోవడం ఉద్యోగంలో త్వరగా అలవాటవుతుంది పిల్లలూ.

ఇక పంతం పట్టాను. ఆ రాత్రి భోజనం చేస్తూ చేస్తూ ఆలోచన తట్టింది. చుట్టూ సముద్రం పెట్టుకుని నీళ్ళు లేవని ఏడవడం ఏమిటి? సముద్రపు నీళ్ళే చల్లిస్తే ఊళ్ళో ఎవరూ బిందె పట్టుకురారు. పైగా ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, ఎండితే గట్టిపడుతుంది. ట్యాంకరు తుప్పు పడుతుందని డ్రైవరు గొణిగాడు గానీ వినిపించుకోలేదు.

నాలుగు రోజులు పోయించాను. గుట్టంతా పైన అప్పడంలా పొర కట్టింది. వేలితో తడితే టకటకమంది. గాలి ఎంత వీచినా రేణువు లేవలేదు. అక్క ఆ సోమవారం చేప తేలేదు. గుమాస్తాగారు ఇంకా రాలేదేమిటని వాకిట్లోకి వెళ్ళి చూసి వచ్చారు. సాబ్ జీపు అద్దం దించి గుట్టను చూసి, నా భుజం తట్టారు. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పాను, ఫోను చేసి బావమరిదికి చెప్పాను, అడగకపోయినా పక్క క్వార్టర్లో ఆయనకు చెప్పాను.

ఐదో రోజు పొద్దున క్వారీకి వెళ్ళేసరికి గుట్ట కనిపించలేదు. దాని నిండా ఆవులు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ ఆవులు, దూడలు, మేకలు, వాటికి కాస్త ఎడంగా అడవిలోంచి దిగిన జింకలు. అన్నీ తలలు వంచి, కళ్ళు సగం మూసుకుని, గుట్టను నాకుతున్నాయి. వానకు కొట్టుకుపోయే ఈ నేలలో పశువులకు ఉప్పంటే ఎంత మోహమో నా ఇంజనీరింగు చదువులో ఎవరూ చెప్పలేదు. నాకినచోట నాకుతున్నాయి, మిగిలినచోట తొక్కుతున్నాయి. నా అప్పడం ముక్కలు ముక్కలైంది. దాని కింద ఎండి సిద్ధంగా ఉన్న పొడి గిట్టలకు లేచి, ఎప్పుడూ లేనంత మేఘమై కళ్ళం మీదికి వెళ్ళింది.

కర్ర పట్టుకుని ఒకవైపు తోలితే రెండోవైపు ఎక్కేవి. తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నానికి ఆవుల యజమాని ఒకాయన చిన్న క్యానులో పాలు పట్టుకొచ్చి, మా ఆవు ఇంతకుముందు ఇన్ని పాలివ్వలేదు సాబ్, ఈ స్కీము ఆపకండి అని చేతులు పట్టుకున్నాడు. గుమాస్తాగారు పాలకు కూడా నంబరు వేశారు.

గడ్డి, తీగలు నాటితే దుమ్ము అణుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఉప్పునీళ్ళు పోసిన నేలలో గడ్డి మొలవదని కూడా అదే పుస్తకంలో ఉంటుంది, తర్వాతి పేజీలో. నేను ఆ పేజీ తిప్పలేదు. తనిఖీకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం గుట్ట కింద రాయి మీద చతికిలబడి ఉంటే అక్క వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఆవుల్ని చూసి, నన్ను చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక పక్కన కూర్చుంది.

"కాకులొస్తే నాను కర్రట్టుకుని తిరుగుతానేటి బాబూ? సేపల మీద వల కప్పీస్తాను. గాలొచ్చినా ఆ వలే కాపలా. నీ గుట్టకీ అదే కప్పు."

"గుట్టకు సరిపోయే వల ఎక్కడుందక్కా?"

"సిరిగిపోయిన వలలు మా వాడలో ఎన్ని నేవు. కింద తడిపిన కొబ్బరిపీసు ఎయ్యి, దానిమీద ఆకులెయ్యి, పైన వల ఏసి రాళ్ళెట్టు. గిట్ట ఒకపాలి వల్లో సిక్కుకుంతే పశువు మల్లీ ఎక్కదు."

అంతే. ఇన్ని రోజులూ నాకు తట్టనిది. నా సొరుగులో ఆవిడ కళ్ళాన్ని తీసేయమని రాసిన కాగితం ఉంది, ఆవిడ నా పక్కన కూర్చుని నన్ను గట్టెక్కించే దారి చెబుతోంది. అప్పుడే చెప్పేయాల్సింది. గుట్ట అణిగితే ఆ కాగితం చించేస్తాను కదా, చెప్పి బాధపెట్టడం ఎందుకు అనుకున్నాను. నిజానికి బాధపడతానేమోనని భయపడింది నేనే.

మర్నాడు వాడలోని ఆడవాళ్ళు వలలు మోసుకొచ్చారు. పీచు, ఆకులు మోయడానికి మనుషులెక్కడని చూస్తుంటే, ట్యాంకరు దారిలో ఉన్న ఇళ్ళవాళ్ళంతా బుట్టలు పట్టుకుని దిగారు. ఇన్నాళ్ళూ నీళ్ళు పోసిన డ్రైవరు భయ్యా ఒక్క మాట అడిగాడట. నేను నోటీసు అంటిస్తే ఒక్కడు వచ్చేవాడు కాదు. మూడు రోజుల్లో గుట్ట మొత్తం వల కిందికి వెళ్ళింది. కళ్ళంలో తడికలు పరిచినట్టే వరసగా పరిచి, అంచుల్లో రాళ్ళు పెట్టించింది అక్క. నేను చేసిన ఇంజనీరింగు పని, ఆవిడ చూపించిన చోట రాయి పెట్టడం.

తనిఖీ రోజున గాలి మామూలుగా లేదు. మేడమ్ వచ్చారు, ఆమె వెనకే సాబ్ కొత్త తెల్లచొక్కాతో వచ్చారు. గుట్ట నుంచి ధూళి లేవలేదు. వాసన లేచింది. ఏళ్ళ తరబడి చేపలు పట్టిన వలలు కదా. గుట్ట మీద కాకులు సభ తీర్చాయి, కింద కుక్కలు. మేడమ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని యంత్రం వైపు చూస్తూ, దుమ్ము చెప్పుకోదగ్గంత లేదు, వాసన కొలవడానికి నా దగ్గర యంత్రం లేదు అన్నారు. సాబ్ ముఖం వెలిగిపోయింది. వాడ ఆడవాళ్ళు, డ్రైవరు, నేను ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. నా సర్వీసులో అంత తేలికగా ఊపిరి తీసుకున్న నిమిషం ఇంకోటి లేదు. ఒక్క నిమిషమే.

మేడమ్ ఫైలు అడిగారు. గుమాస్తాగారు అందించారు. ఆమె పేజీలు తిప్పుతూ, చీటీలు కట్టిన ఎండుచేపలను పక్కకు నెట్టి, చివర్లో ఒక కాగితం దగ్గర ఆగారు. దూరం నుంచే గుర్తుపట్టాను. నా చేతిరాత. ఆ పొద్దున మేడమ్ టీ తాగడానికి నా బల్ల సర్దుతూ గుమాస్తాగారు సొరుగు తెరిచారట. సంతకం ఉండి నంబరు లేని కాగితం కనబడింది. అలాంటి కాగితాన్ని చూసి ఊరుకునే మనిషి కాదని ముందే చెప్పాను.

మేడమ్ తలెత్తి హిందీలో అడిగారు. "ఇక్కణ్ణుంచి తీసేయాల్సిన కళ్ళం ఎవరిది?"

హిందీ రానివాళ్ళు మా దీవుల్లో ఎవరున్నారు. అక్క మేడమ్‌ను చూడలేదు, సాబ్‌ను చూడలేదు. నా వైపు తిరిగింది.

"ఎవుల్ని తీసేస్తారంట బాబూ?"

సాబ్ కళ్ళతో సైగ చేస్తున్నారు. ఏదో పాత కాగితం అనేయవచ్చు. వలలు మోసి పుళ్ళు పడ్డ ఆవిడ భుజం ఎదురుగా కనిపిస్తోంది. చెప్పాను.

"నిన్నే అక్కా. రాసింది నేనే. అది తప్పు. నీ కళ్ళం మా హద్దులో లేదు."

ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, గుట్ట వైపు చూసి, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే తనవాళ్ళను పిలిచింది.

"వలలు మనయ్యి. సుట్టీయండే."

ఆరుగురూ గాలికెదురుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టారు. రాళ్ళు దొర్లించారు. మొదటి వల చుట్టారు. కాకులు లేచాయి. రెండోది చుట్టగానే కింద పరిచిన ఆకులు లేచాయి. మూడోది తీశాక గుట్ట లేచింది. ఇన్నాళ్ళూ కళ్ళం వైపు వెళ్ళిన దుమ్ము, దిగువన సరిగ్గా ఆ దారిలోనే నిలబడ్డ మా అందరి మీదికి దిగింది. మేడమ్ చేతిలో యంత్రం కూతలు పెట్టింది. సాబ్ జీపు వైపు పరుగెత్తారు గానీ అద్దాలు ఆ రోజే దింపి ఉంచారు. దుమ్ము కాస్త తెరిపిచ్చాక చూస్తే ఆయన తలనుంచి కాలిదాకా పిండిలో పొర్లిన వడలా ఉన్నారు. నవ్వు రావడానికి అది సమయం కాదని తెలిసీ డ్రైవరు ట్యాంకరు చాటుకు వెళ్ళాడు.

నాలుగో వల పట్టుకుని అక్క ఆగింది. "మా కల్లం ఇక్కడే ఉంతాదని కాయితం మీద రాయండి. రాస్తే వలలేస్తాం. నేకపోతే మావి మేం ఎత్తుకుపోతాం."

మేడమ్ సాబ్ వైపు చూశారు. సాబ్ నా వైపు చూశారు. ఆయన చూపులో నాకు డిగ్లీపూర్ స్పష్టంగా కనిపించింది, నెలరోజుల తర్వాత బదిలీ అక్కడికే అయింది కూడా. జీపు బానెట్ మీద దుమ్ము తుడిచి, కాగితం పెట్టి హిందీలో రాశాను. కళ్ళం క్వారీ హద్దుకు బయట ఉన్నదని, అది అక్కడ కొనసాగడానికి మా శాఖకు అభ్యంతరం లేదని, గుట్టను కప్పి ఉంచే బాధ్యత మాదేనని. సాబ్ సంతకం చేశారు, మేడమ్ సాక్షి సంతకం చేశారు. గుమాస్తాగారు ఆఫీసుకు పరుగెత్తి ముద్ర, రిజిస్టరు రెండూ పట్టుకొచ్చారు.

కాగితం అక్క చేతిలో పెట్టాను. ఆవిడకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, చదివి వినిపిస్తానక్కా అని చెయ్యి చాపాను.

"వద్దు బాబూ. నువ్వు రాసేవు గదా, అది సాలు."

కోపంగా అనలేదు. ఎండలో నిలబడ్డ మనిషిని నీడకు జరగమన్నంత మామూలుగా అంది. నన్ను దాటి వెళ్ళి, కాగితం డ్రైవరుకు ఇచ్చింది. "నువ్ సదువు భయ్యా." వాడిది ఐదో తరగతి హిందీ. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. సాబ్, మేడమ్, నేను, గుమాస్తాగారు దుమ్ములో వరసగా నిలబడ్డాం. "అభ్యంతరం లేదు" అన్న చోట ఆపి, మళ్ళీ సదువు అంది. మళ్ళీ చదివాడు. ఇందులో తీసీడం అన్న మాట ఎక్కడైనా ఉందేటి అని అడిగింది. వాడు పైనుంచి కిందిదాకా ఇంకోసారి వెతికి, నేదు దీదీ అన్నాడు.

అప్పుడు వలలు గుట్ట మీదికి వెళ్ళాయి.